రెండోసారి ఉగాండా వెళుతున్న నర్సింగ్ విద్యార్థినికి

అమ్మా, మీ ప్రశ్నను సరిగ్గా అర్థం చేసుకొన్నానో లేదో ముందు చూసుకోండి. మీ స్వస్థలం ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్, బరంపురంలో బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నారు. నిరుడు మీ చర్చి సంఘం తరఫున వెళ్ళిన జట్టులో మీరూ ఉండి, ఉగాండాలో మసాకా వైపు ఒక చిన్న మిషన్ క్లినిక్కులో మూడు వారాలు పరిచర్య చేసి వచ్చారు. వచ్చే జూన్‌లో అదే చోటికి మళ్ళీ వెళుతున్నారు. నిరుటి సామాను జాబితా చేతిలో ఉంది కాబట్టి అది సరిపోతుందా, రెండోసారికి వేరే సిద్ధపాటు ఏమైనా కావాలా అన్నది మీ మొదటి ప్రశ్న. "మళ్ళీ ఎందుకు వెళ్ళడం, ఆ టికెట్టు డబ్బేదో వాళ్ళకే పంపిస్తే పోతుంది కదా" అని ఇంట్లో వాళ్ళూ సంఘంలో కొందరు పెద్దలూ అంటుంటే ఏమని చెప్పాలన్నది రెండోది.

నేను రాయగడ జిల్లాలో పుట్టి పెరిగిన దాన్ని. ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతూ 2008లో ఒకసారి, 2009లో ఇంకోసారి మసాకా ప్రాంతానికే విద్యార్థినిగా వెళ్ళాను. ఉద్యోగంలో చేరాక విద్యార్థుల జట్లను వెంటబెట్టుకొని మరో నాలుగుసార్లు వెళ్ళి వచ్చాను. ఈ ఆరు ప్రయాణాలలో నేను ఎక్కువగా సిగ్గుపడినదీ, ఎక్కువగా నేర్చుకొన్నదీ ఆ రెండో ప్రయాణంలోనే కనుక మీ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు రాయాలనిపించింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు మనం ఏ పొరపాటు చేసినా కొత్తవాళ్ళు కదా అని అక్కడివాళ్ళు సర్దుకొంటారు. రెండోసారికి ఆ సర్దుబాటు తగ్గుతుంది, ఎందుకంటే మనం అప్పటికి తెలిసినవాళ్ళమైపోతాము. మన లోపల కూడా "ఇదంతా నాకు తెలిసినదే" అన్న ధీమా బయలుదేరుతుంది. అందుచేత సామాను జాబితా పక్కన పెట్టి, ముందు ఒక బాకీల జాబితా రాయండి. నిరుడు మీరు అక్కడ ఎవరికి ఏ మాట ఇచ్చారు, ఏ వస్తువు పంపుతామన్నారు, ఎవరి ఫీజు గురించి "చూద్దాం" అన్నారు, ఎవరి ఫొటో తీసి "ఇస్తాం" అన్నారు అన్నవన్నీ ఆ జాబితాలోకి రావాలి. వాట్సాప్ సంభాషణలు మొదటి నుంచి చదివితే సగం బయటపడతాయి, తక్కిన సగం జట్టులోని వాళ్ళను అడిగితే తెలుస్తాయి.

ఈ జాబితా ఎందుకు అంటున్నానో చెబుతాను. 2009లో మేము చేరిన మరునాడు గాజుగుడ్డ కావలసి వచ్చి స్టోరు గదిలో బీరువా తెరిచాను. పై అరలో, అంతకుముందు ఏడాది మేము ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి కొనిచ్చిన నెబులైజరు కనిపించింది. అట్టపెట్టె చెక్కుచెదరలేదు, దాని మీద మేము అంటించిన సంఘం పేరు కూడా ఊడలేదు. ఉబ్బసంతో వచ్చే పిల్లలకు పనికివస్తుందని ఇచ్చిన యంత్రం ఏడాదిపాటు ఒక్కసారి కూడా పని చేయలేదు. కారణం దాని ప్లగ్గు. మన ప్లగ్గులకు గుండ్రటి కాళ్ళు ఉంటాయి, ఉగాండాలో గోడ సాకెట్లన్నీ బ్రిటిష్ పద్ధతిలో మూడు పలక కాళ్ళకు చేసినవి. ఎవరో బలవంతంగా దూర్చబోయినట్టు ఒక కాలు కొద్దిగా వంగి ఉంది. ఫోన్లో ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ప్లగ్గు అక్కడే మార్పించుకోమని డబ్బు పంపేవాళ్ళం. ఎందుకు చెప్పలేదని క్లినిక్కు పెద్ద సిస్టరును అడిగితే, ఇచ్చినవాళ్ళకు వంక చెప్పడం బాగుండదని ఊరుకొన్నానని అంది. కాసేపాగి, "మీరు మళ్ళీ వస్తారని కూడా మేము అనుకోలేదు" అంది నవ్వుతూ. ఆమె నిష్ఠూరంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పింది, అంతే.

కాబట్టి బాకీల జాబితాలో ప్రతిదాని పక్కన మూడింటిలో ఒకటి రాయండి: తీరింది, తీర్చగలను, తీర్చలేను. మూడో రకానివి ఉంటే బయలుదేరక ముందే ఫోను చేసి చెప్పేయండి. "నా వల్ల కాలేదు" అన్న మాట ఫోనులో వినడం, ఏడాదిపాటు ఎదురుచూసి మీ ఖాళీ చేతులు చూడడం కంటే వాళ్ళకు తేలిక. నిరుడు మీరు వదిలి వచ్చిన వస్తువుల పరిస్థితి కూడా అప్పుడే అడగండి. "అంతా బాగుంది" అన్న జవాబుతో తృప్తి పడకండి, పేరు పేరునా అడగండి.

ఇక "మళ్ళీ ఎందుకు" అన్న ప్రశ్న. మీ ఇంట్లో వాళ్ళు అడిగినది న్యాయమైన ప్రశ్న, దాన్ని అవిశ్వాసంగానో అసూయగానో లెక్కగట్టవద్దు. మనలాంటి సరిహద్దు జిల్లాలలో ఒక మనిషి విమాన ఖర్చు అంటే ఒక కుటుంబానికి చిన్న మొత్తం కాదు. దానికి నా జవాబు ఒక్కటే: మిమ్మల్ని పిలిచింది ఎవరు? మీ సంఘం పంపడం వేరు, అక్కడి క్లినిక్కు పిలవడం వేరు. క్లినిక్కు పెద్దకు ఉత్తరం రాసి, జూన్‌లో మా రాక మీ పనికి అనుకూలమా, ఎంతమంది వస్తే భారం కాకుండా ఉంటుంది, మేము ఏ పనిలో చేయి వేస్తే మీకు నిజంగా తేలిక అవుతుంది అని అడగండి. "ఈసారి రావద్దు, లేదా ఇద్దరే రండి" అని చెప్పే స్వేచ్ఛ వాళ్ళకు ఆ ఉత్తరంలోనే కనిపించాలి. వాళ్ళ నుంచి ఫలానా పని ఉంది రండి అన్న మాట వస్తే, దాన్ని సంఘంలో చదివి వినిపించండి. రాకపోతే మీ పెద్దలు చెప్పినట్టు డబ్బు పంపడమే మేలు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

బయటివాళ్ళు రావడం, పోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. కోరాపుట్ కొండలకు 1882లో జర్మనీ నుంచి లూథరన్ మిషనరీలు వచ్చారు. గజపతి జిల్లా సెరంగోలో కెనడా బాప్టిస్టుల ఆసుపత్రి వెలిసింది. బిస్సంకటక్‌లో 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టరు ఎలిజబెత్ మాడ్సెన్ మొదలుపెట్టిన ఆసుపత్రి నేటికీ నడుస్తోంది. మా నాయనమ్మ తన చిన్ననాడు చూసిన ఒక దొరసాని పేరు మరచిపోయింది కాని, ఆమె మంచం పక్కన కూర్చొని వచ్చీరాని తెలుగులో "నొప్పి ఎక్కడ అమ్మా" అని అడిగిన తీరు ఎనభై ఏళ్ళు దాటాక కూడా అనుకరించి చూపించేది. ఫొటోలు తీసుకొని పోయినవాళ్ళ గురించి మాత్రం ఆమె ఎన్నడూ చెప్పలేదు. మసాకాలో రేపు మీ గురించి ఏమి మిగులుతుందో ఊహించుకోవడానికి మన ముసలివాళ్ళను అడిగితే చాలు.

అందుకే భాష గురించి ఇంత పట్టుబడుతున్నాను. మొదటిసారి మీరు దుబాసీ మీద ఆధారపడ్డారు, అది సహజం. రెండోసారి కూడా ఒక్క పలకరింపు రాకుండా వెళ్ళడం మాత్రం బాగుండదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాషను సవరల దగ్గరే నేర్చుకొన్నారు. ఆ కొండలలో తిరిగి మన్యపు జ్వరం తెచ్చుకొని, క్వినైన్ వాడకం వల్ల వినికిడి పోగొట్టుకొన్నారని అంటారు. ఆయనంతటి శ్రమ మిమ్మల్ని ఎవరూ అడగరు, రోజుకు పది నిమిషాలు చాలు. మసాకా బుగాండా ప్రాంతం కనుక అక్కడ లుగాండా మాట్లాడతారు. ఉదయం పెద్దామె ఎదురైతే "వసూజె ఓట్యా నో, న్న్యాబో" అంటారు, అంటే రాత్రి ఎలా గడిచిందమ్మా అని. మన పల్లెల్లో "నిద్ర బాగా పట్టిందా" అని అడిగినట్టే. "బులుంగి" అంటే బాగానే అని. కృతజ్ఞతకు "వెబాలె న్న్యో". పగలు గడిచాక పలకరింపు "ఓసీబ్యె ఓట్యా" అని మారుతుంది, ఉదయపు మాట సాయంత్రం అంటే పిల్లలు నవ్వుతారు. అక్కడ పలకరింపు నిదానంగా సాగుతుంది. నేరుగా "జ్వరం ఎన్ని రోజుల నుంచి" అని మొదలుపెట్టడం మోటుతనం. ఒక ఊరి నుంచి తిరిగి వచ్చిన మనిషిని "కులికాయో" అని పలకరిస్తారు. ఈసారి ఆ మాట మీకే వినిపిస్తుంది, కాబట్టి దాని అర్థం తెలిసి ఉండండి. పలకరింపుల తరువాత నొప్పి, జ్వరం, విరేచనాలు, దగ్గు, నీళ్ళు, రేపు రండి అన్న మాటలు నేర్చుకోండి. నిరుడు పరిచయమైన ఆడపిల్ల ఎవరైనా ఉంటే వాయిస్ మెసేజులలో చెప్పించుకొని పలికి చూసుకోవచ్చు. పుస్తకం కంటే అది మేలు.

దీనికి అనుబంధంగా ఇంకో సంగతి ఉంది, మన సంఘాలలో ఎవరూ ముందుగా చెప్పరు. తెల్లవాళ్ళు రాసిన ప్రయాణ సలహాలు చదివి మనమూ వాళ్ళలాగే "ముజుంగు" (తెల్లమనిషి) అని అనుకొంటాము. అక్కడ మనం "ముయిండి", అంటే ఇండియా మనిషి. ఆ మాట వెనుక ఒక చరిత్ర ఉంది. 1896లో మొదలైన ఉగాండా రైలుమార్గానికి అప్పటి బ్రిటిష్ ఇండియా నుంచి వేల మంది కూలీలను తీసుకువెళ్ళారు. తరువాత భారతీయులు ఊరూరా దుకాణాలు పెట్టారు. 1972 ఆగస్టులో అప్పటి ఉగాండా పాలకుడు ఇదీ అమీన్ ఆసియా వాళ్ళను 90 రోజులలో దేశం వదిలి పొమ్మన్నాడు. మళ్ళీ కొందరు తిరిగి వచ్చి వ్యాపారాలు నడుపుతున్నారు. అందువల్ల మిమ్మల్ని చూడగానే "మీ దుకాణం ఎక్కడ" అని ఎవరైనా అడిగితే వెక్కిరింత అనుకోకండి. వాళ్ళు రోజూ చూసే ముయిండి బల్లకు అటువైపు నిలబడి డబ్బు లెక్కపెట్టే మనిషి. మీరు నేల మీద కూర్చొని వాళ్ళతో మతోకె తింటే దాని విలువ అక్కడ వేరుగా ఉంటుంది. మతోకె అంటే పచ్చి అరటికాయలను ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించి మెదిపినది. మొదటిసారి నేను మూడు వారాలూ ఆవకాయ సీసా దగ్గర పెట్టుకొని తిన్నాను. రెండోసారి సీసా ఇంట్లోనే వదిలేశాను, ఏమీ కాలేదు.

ఇప్పుడు మీ వృత్తికి సంబంధించిన ముఖ్యమైన మాటకు వస్తాను. మీరు ఇంకా విద్యార్థిని. బరంపురంలో ఏ పని మీ ట్యూటరు పక్కన లేకుండా చేయరో, ఆ పని మసాకాలో కూడా చేయవద్దు. అక్కడ మనుషులు చాలరు, వరుస పెద్దది, "సిస్టర్, మీరే చూసేయండి" అంటారు. నిరుడు చేశాను కదా అని చేయి చాచడం రెండోసారి వచ్చే మొదటి ప్రలోభం. ఉగాండాలో నర్సులకు, మంత్రసానులకు ప్రత్యేక కౌన్సిల్ ఉంది, బయటి దేశం నుంచి వచ్చి ఆ వృత్తి చేయాలంటే దాని అనుమతి కావాలి. విద్యార్థిగా మీరు ఏ హోదాలో వస్తున్నారో, ఎవరి పర్యవేక్షణలో ఉంటారో క్లినిక్కు చేత కాగితం మీద రాయించుకోండి. ఉగాండాలోనే జింజా పట్టణంలో వైద్య శిక్షణ లేకుండా పోషకాహార కేంద్రం నడిపిన ఒక అమెరికన్ మిషనరీ యువతి మీద, పిల్లలను పోగొట్టుకొన్న ఇద్దరు తల్లులు 2019లో దావా వేశారు. ఆమె ఆరోపణలను కాదన్నారు, 2020లో బాధ్యత ఒప్పుకోకుండానే రాజీ కుదిరింది. అక్కడి మిషన్ క్లినిక్కులన్నీ ఆ వ్యవహారాన్ని గుర్తుంచుకొన్నాయి, మనమూ గుర్తుంచుకోవాలి.

నేను ఏ ప్రాణానికీ ముప్పు తేలేదు కాని, చేసిన తప్పు చెప్పకుండా సలహా ఇవ్వడం సబబు కాదు. 2009 జూన్‌లో ఐదేళ్ళ బాబుకు రక్తపరీక్షలో ఫాల్సిపేరం అనే ప్రమాదకరమైన రకం మలేరియా అని తేలింది. అక్కడి నర్సు ఆర్టిమీథర్, ల్యుమిఫాంట్రిన్ కలిసిన మాత్రలు మూడు రోజులకు లెక్కగట్టి కవరులో వేసి, పాలతోనో నూనె పడిన తిండితోనో వేయాలని తల్లికి చెబుతోంది. మా రాయగడ వైపు అప్పటికి నేను చూస్తున్న వైద్యం వేరు. ఆర్టిసునేట్, దానితో సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్, ఆపైన ఒక్క మోతాదు ప్రైమాక్విన్ ఇచ్చేవాళ్ళు. నేను ఆగలేక, దుబాసీ చేత తల్లి వినేటట్టుగానే, "ప్రైమాక్విన్ మరచిపోయారు" అనిపించాను. ఆ తల్లి కవరును పిడికిట్లో బిగించి ఒకసారి నర్సు ముఖంలోకీ ఒకసారి నా ముఖంలోకీ చూసింది. నర్సు గొంతు పెంచకుండా అదే మందు, అదే లెక్క మళ్ళీ మొదటి నుంచి చెప్పి పంపించింది. సాయంత్రం నన్ను పిలిచి గోడ మీద ఉన్న చార్టు చూపించింది. అది వాళ్ళ దేశపు చికిత్సా విధానం, అందులో ప్రైమాక్విన్ లేదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళకు ఆ మందు వల్ల ఎర్రరక్తకణాలు విరిగిపోవచ్చని, తమ ప్రాంతంలో ఆ లోపం తక్కువేమీ కాదని ఓపికగా చెప్పింది. మరునాడు ఆదివారం. తల్లికి అనుమానం మిగిలి ఉంటుందని ఆమె నాలుగు కిలోమీటర్లు నడిచి ఆ ఇంటికి పోయి, మాత్రలు ఆపకుండా వేస్తున్నారో లేదో చూసి వచ్చింది. నేను అన్న ఒక్క మాటను సరిదిద్దడానికి ఆమెకు ఉన్న ఒక్క సెలవూ ఖర్చయింది.

అప్పటి నుంచి నేను తీసుకువెళ్ళే ప్రతి జట్టుకూ ఒక నియమం పెట్టాను: రోగి ముందు అక్కడి నర్సు మాటను కాదనకూడదు. అనుమానం ఉంటే రాత్రి భోజనాల తరువాత, అదీ ప్రశ్నగా అడగాలి. బయలుదేరే ముందు ఉగాండా ప్రభుత్వ చికిత్సా మార్గదర్శకాలను తెరిచి మలేరియా, విరేచనాలు, న్యుమోనియా భాగాలు చదవండి. మందుల పేర్లు, మోతాదులు మన పుస్తకాలతో ఎక్కడ వేరుపడుతున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. సామాను జాబితా కంటే ఆ కాగితం విలువైనది.

మీ సొంత ఆరోగ్యం గురించి. "గజపతి జిల్లావాళ్ళం, మాకు మలేరియా కొత్తా" అన్న మాట మన పిల్లల నోట నేను ప్రతిసారీ వింటాను. మన కొండ గ్రామాల కోసం ఒడిశా ప్రభుత్వం దమన్ అనే ప్రత్యేక కార్యక్రమం నడపవలసి వచ్చిన మాట నిజమే. అయినా మాటిమాటికీ మలేరియా సోకేవాళ్ళకు వచ్చే కొద్దిపాటి రక్షణ, ఆ సోకడం ఆగితే నిలవదు. బరంపురం హాస్టల్లో మూడేళ్ళున్న మీకు దాని మీద భరోసా పెట్టుకొనే వీలు లేదు. ఉగాండాలో మలేరియా ఏడాది పొడుగునా ఉంటుంది, వానలు మార్చి నుంచి మే దాకా దంచి కొట్టిన తరువాత మీరు జూన్‌లో దిగుతున్నారు. డాక్టరును కలిసి నివారణ మందు రాయించుకోండి. డాక్సీసైక్లిన్ అయితే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి రోజుకొకటి, తిరిగి వచ్చాక నాలుగు వారాల దాకా వేసుకోవాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వచ్చాక ఏడు రోజులు చాలు కాని ఖరీదు ఎక్కువ. డాక్సీసైక్లిన్ వేసుకొంటే ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది, మసాకా భూమధ్యరేఖకు దగ్గరలోనే ఉంది. తిన్న తరువాత గ్లాసుడు నీళ్ళతో మింగి, అరగంట పడుకోకుండా ఉండండి, లేకపోతే గొంతులో మంట ఖాయం. మన పిల్లలు చాలామంది ఇంటికి చేరగానే మందు మానేస్తారు, ఆ నాలుగు వారాలూ అమ్మగారి చేత గుర్తు చేయించుకోండి. తిరిగి వచ్చాక ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టరుకు ముందుగా చెప్పవలసిన మాట "ఉగాండా వెళ్ళి వచ్చాను" అన్నదే.

విక్టోరియా సరస్సులో దిగవద్దు. వంశధారలో ఈదినవాళ్ళకు ఈ భయం తెలియదు. అక్కడి మంచినీటిలో ఒక రకం నత్తల నుంచి వెలువడే సూక్ష్మక్రిములు చర్మం గుండానే లోపలికి పోయి బిల్హార్జియా అనే జబ్బు కలిగిస్తాయి. నిరుడు ఆదివారం పూట సరదాగా దిగి ఉంటే, ఇప్పుడే పరీక్ష చేయించుకోండి. ఈసారి పొరపాటున దిగితే, ఆ తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచాక పరీక్ష చేయించాలి. హెపటైటిస్ బి టీకాలు మూడూ పడ్డాయని ఊరుకోకుండా యాంటీబాడీ పరీక్ష చేయించి, 10 యూనిట్లు (mIU/mL) లేదా అంతకు మించి ఉందని చూసుకోండి. సూది గుచ్చుకొంటే హెచ్‌ఐవీ నివారణ మందు ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ మందు క్లినిక్కులోనే ఉంటుందా, లేక పట్నానికి పోవాలా అని ఇప్పుడే అడిగి తెలుసుకోండి. ఉగాండాలో 2022 సెప్టెంబరులో, మళ్ళీ 2025 జనవరిలో ఎబోలా ప్రకటించారు, రెండుసార్లూ కొద్ది నెలల్లో అదుపులోకి వచ్చింది. ప్రయాణానికి ముందు వారాలలో అలాంటి ప్రకటన వెలువడితే టికెట్టు డబ్బు పోతుందని చూడకుండా ఆగిపోండి.

కాగితాల సంగతి క్లుప్తంగా. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలలకు మించిన గడువు ఉండాలి. వీసాకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి, పర్యాటక వీసాకు 50 డాలర్లు, అయితే దానితో వైద్యపు పని చేయవచ్చా అన్నది క్లినిక్కు వాళ్ళ ద్వారా అక్కడి ఇమిగ్రేషన్‌ను అడిగించి తేల్చుకోండి. నిరుటి పచ్చజ్వరం టీకా కార్డు వెతికి పెట్టుకోండి. మా కాలంలో దానికి పదేళ్ళే విలువ, 2016 జూలై 11 నుంచి జీవితాంతం చెల్లుతోంది కనుక మీకు మళ్ళీ టీకా అక్కరలేదు. కార్డు పోతే మాత్రం తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు క్వారంటైన్ తప్పదు. ఈలోగా కొత్త పాస్‌పోర్టు తీసుకొని ఉంటే, కార్డు మీద పాత నంబరు ఉంటుంది కాబట్టి పాత పాస్‌పోర్టు కూడా వెంట ఉంచుకోండి. జట్టులో కొత్తవాళ్ళు ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు టీకా వేయించుకోవాలి. మన వైపు వాళ్ళు విశాఖపట్నం పోర్ట్ హెల్త్ కార్యాలయానికో, హైదరాబాదు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థకో వెళుతుంటారు, అక్కడ రోజులు ముందుగా ఖరారు చేసుకోవాలి. డాలర్ల నోట్లు కొత్తవి అడిగి తీసుకోండి, పాత సంవత్సరాల నోట్లను అక్కడ తీసుకోరు, చిన్న నోట్లకు మారకం తక్కువ ఇస్తారు. కాలేజీ హాజరు మరో ముఖ్యమైన విషయం. థియరీలో 80 శాతం ఉంటే గట్టెక్కుతారు కాని క్లినికల్ గంటలు నూటికి నూరూ పూర్తి కావాలి. ప్రిన్సిపాల్ గారి దగ్గర అనుమతి మాటగా కాక రాతగా తీసుకోండి, పోయిన గంటలను ఎప్పుడు భర్తీ చేస్తారో అందులోనే రాయించండి.

మందులు మోసుకుపోవాలన్న ఉత్సాహం మన సంఘాలలో మెండు. మెడికల్ రెప్పులు ఇచ్చిన శాంపిళ్ళు, గడువు దగ్గర పడిన సిరప్పులు మూటగట్టి ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం ప్రకారం దానంగా ఇచ్చే మందులకు, ఆ దేశానికి చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి, ఉగాండాలో మందులు తేవడానికి అక్కడి ఔషధ సంస్థ అనుమతి కూడా కావాలి. మర్యాదగా వద్దనండి. క్లినిక్కు అడిగిన మందును కంపాలాలోనే కొనుక్కొనేలా డబ్బు ఇస్తే, పెట్టె మీద భాష, మోతాదు, బిల్లు అన్నీ వాళ్ళ పద్ధతిలోనే ఉంటాయి. సువార్త గురించి ఒక్క మాట: మాత్రల కవరులో కరపత్రం పెట్టవద్దు. మన రాష్ట్రంలో 1967 నుంచి ఉన్న మతస్వేచ్ఛ చట్టంలో ప్రలోభం అన్న మాట ఎంత చర్చకు లోనైందో మనకు తెలుసు. చట్టం అడ్డురాని చోట కూడా, జబ్బుతో వచ్చిన మనిషికి మందు ఒకందుకు, మాట ఒకందుకు అని స్పష్టంగా కనిపించాలి. ప్రార్థన చేయమని వాళ్ళే అడుగుతారు, అడిగినప్పుడు చేయండి.

నిరుటి చందాల లెక్క సంఘంలో చదివారా? చదవకపోతే ఈసారి చందా అడగడానికి ముందు ఆ పని చేయండి. తెలుగులో ఒకసారి, ఒడియా కుటుంబాల కోసం ఒడియాలో ఒకసారి చదివి గోడకు అంటించండి. నెబులైజరు లాంటిది ఏదైనా జరిగి ఉంటే అది కూడా చెప్పండి. మా సంఘంలో ఆ ప్లగ్గు కథ చెప్పిన ఆదివారం వచ్చిన కానుక అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

చివరిగా ఫొటోలు. 2008లో మేము క్లినిక్కు కాపలాదారును, ఆయన మనవరాలిని కలిపి ఫొటో తీసి, ప్రింటు పంపిస్తామని చెప్పాము. అది నా కెమెరాలోనే ఉండిపోయింది. మరుసటి ఏడాది కెమెరా బయటికి తీసినప్పుడు అందరూ వరుసగా నిలబడ్డారు, ఆయన మాత్రం గేటు తాళం చూసుకోవాలన్నట్టు పక్కకు తప్పుకొన్నాడు. ఫోనులో పంపాం కదా అని మీరు అనవచ్చు, కాని ముసలివాళ్ళలో చాలామంది దగ్గర ఫొటో కనిపించే ఫోను ఉండదు. నిరుడు తీసిన వాటిలో మనిషి ముఖం తేటగా ఉన్నవి ఏరి, బరంపురంలో ఏ స్టూడియోలోనైనా ఇస్తే గంటలో చేతికి వస్తాయి. రోగుల ఫొటోలు, ఒంటి మీద సరిగా బట్టలేని పిల్లల ఫొటోలు పక్కన పెట్టి, వీలైతే ఫోనులో నుంచి కూడా తీసేయండి. వెనుక పేరు, తేదీ పెన్సిలుతో రాయండి, పెన్నుతో రాస్తే తేమకు సిరా పక్క ఫొటోకు అంటుకొంటుంది. పేరు గుర్తు రాని ఫొటోలు ఉంటే ఇప్పుడే క్లినిక్కు సిస్టరుకు పంపించి అడిగి రాసుకోండి, అక్కడికి వెళ్ళాక ఆ మనిషి ఎదుటే పేరు అడగవలసిన పరిస్థితి రాకూడదు.